పదకొండు వేల అడుగులు

"పదకొండు వేల నాలుగు వందలు," అంది డాక్టరు, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇది పోయిన సోమవారం లెక్క. మంగళవారం పది వేల తొమ్మిది వందలు. బుధవారం మళ్ళీ పదకొండు వేలు దాటింది. ఏం చేస్తున్నావమ్మా నువ్వు?"

ఆమె పరీక్ష బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. పొట్ట మీద రాసిన జిగురు ఇంకా తుడవలేదు. ఆ చల్లదనానికి బిడ్డ ఒకసారి కదిలి ఊరుకుంది.

"కుర్చీలో కూర్చుంటున్నానండీ," అంది.

"కూర్చుని పదకొండు వేల అడుగులు ఎలా వేస్తావు?"

దానికి జవాబు దొరకడానికి ఆమెకు ఇంకో రెండు రోజులు పట్టింది. దొరికాక ఏం ఒరిగిందన్నది వేరే సంగతి.

నాట్యశాలలో అందరూ ఆమెను గడియారం అంటారు, తాళం తప్పదు కనక. పదకొండేళ్ళుగా మూడో వరసలో ఆడుతోంది. రిహార్సల్లో ముందు వరస వాళ్ళు తడబడితే వెనక్కి తిరిగి చూసేది ఆమె పాదాలనే. ఇప్పుడు ఏడో నెల. ఆస్పత్రిలో మాత్రం ఆమె గడియారమూ కాదు, ఇంకొకరూ కాదు, నాలుగో నంబరు. కడుపుతో ఉన్న డాన్సర్లు రోజుకి ఎంత కదులుతున్నారు, ఎంత కదిలితే తల్లికీ బిడ్డకీ మంచిది అని అక్కడొక పరిశోధన జరుగుతోంది. నాలుగో నెలలో ఆమె ఎడమ మణికట్టుకి అడుగులు లెక్కపెట్టే నల్ల పట్టీ తగిలించారు. స్నానానికి తప్ప తియ్యకూడదన్నారు. స్నానానికి కూడా ఆమె భయపడుతూనే తీసేది.

"బిడ్డ చిన్నగా ఉంది," అంది డాక్టరు, ఈసారి ఆమె వైపు తిరిగి. "పోయినసారి కొలతకీ ఇప్పటికీ పెరగాల్సినంత పెరగలేదు. విశ్రాంతి, విశ్రాంతి అని ఎన్నిసార్లు చెప్పాను? స్టేజి మీద ఆడే రోజుల్లో కూడా నువ్వింత తిరిగి ఉండవు."

"లేదండీ, నిజంగా నేను..."

"పట్టీ నీ చేతికే ఉందిగా?"

"ఉందండీ."

"మరి?"

గోడవారగా నిలబడి అంకెలు రాసుకుంటున్న అమ్మాయి తల దించుకుంది. పట్టీలు తొడిగేదీ, రెండు వారాలకోసారి వాటిలోని లెక్కలు కంప్యూటరులోకి ఎక్కించేదీ ఆ పిల్లే. డాన్సర్లు ఆమెను పట్టీ అమ్మాయి అంటారు. ఆమె రెండు కాగితాలు అచ్చు తీసింది. ఒప్పందం ప్రకారం ఒకటి ఇంటికి, ఒకటి నాట్యశాల ఆఫీసుకి. దూదితో పొట్ట తుడుచుకుంటూ గడియారం ఆ రెండో కాగితం కవరులోకి పోవడం చూసింది. బిడ్డ చిన్నగా ఉందన్న మాట అప్పటికి చెవిలోనే ఉంది, లోపలికి దిగలేదు. మెట్లు సగం దిగాక దిగింది. పక్కనున్న కమ్మీ పట్టుకుని, కిందికి పోయేవాళ్ళు ఒరుసుకుంటూ పోతున్నా, అక్కడే నిలబడిపోయింది.

*

ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. వేళ్ళ గీతల్లోంచి గ్రీజు ఎప్పుడూ పూర్తిగా పోదు కనక కాగితాన్ని అంచుల దగ్గర పట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు.

"మిషనే తప్పు చూపిస్తోందేమో," అంది ఆమె.

"మిషను దానంతట అది ఏదీ చూపించదు. లిఫ్టులో మనిషి ఎక్కకపోతే బరువు సున్నా. ఎక్కితేనే అంకె."

"అయితే నేను అబద్ధం చెప్తున్నానా?"

"నేనలా అన్నానా?" కాగితం మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు. "నీకు ఆటంటే ప్రాణమని నాకు తెలుసు. పాట వినపడుతుంటే కూర్చోలేకపోయి ఉంటావు. చెప్పెయ్. నేనేం కోప్పడను."

కోప్పడినా బాగుండేది. చెయ్యని తప్పుకి తిట్లు తినొచ్చు, తిరిగి నాలుగు తిట్టొచ్చు. చెయ్యని తప్పుకి క్షమాపణ దొరికితే దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీరు చెప్పండి. నేను ఆడుతుంటే మీరెప్పుడైనా చూశారా?"

అత్తగారు అదే నాట్యశాలలో దుస్తుల గదిలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తోంది. అప్పటికీ చేతిలో ఏదో కుడుతూనే ఉంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారనిచ్చి, కోడలిని కాసేపు చూసింది.

"నేను కింద గదిలో ఉంటానమ్మా. పైన ఎవరు కూర్చున్నారో, ఎవరు లేచారో నాకేం తెలుస్తుంది? పైకప్పు దడదడలాడుతుంది, అంతే."

అబద్ధం కాదు. నిజం చెప్పి కూడా మనిషిని ఒంటరిని చెయ్యొచ్చని ఆ ముసలామెకి తెలిసే అన్నదో, తెలియక అన్నదో. ఆమె మళ్ళీ సూది ఎత్తుకుంది.

గడియారం లేచి బాత్రూముకి వెళ్ళొచ్చి పట్టీ చూసుకుంది. పద్దెనిమిది అడుగులు పెరిగాయి. వంటగదికి వెళ్ళొచ్చి చూసింది. ఇరవై రెండు. మనసులో లెక్కపెట్టుకుంటూ నడిచింది, రెండూ సరిపోయాయి. మిషనులో ఏ లోపమూ లేదు. అప్పుడు మొదటిసారి ఆమెకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

*

మర్నాడు మేనేజరు గది బయట బల్ల మీద ముప్పావుగంట కూర్చోబెట్టారు. పై అంతస్తు నుంచి రికార్డు వినిపిస్తోంది. కొత్త ప్రదర్శనలో మూడో అంకం, అందరికంటే కష్టమైనది. ఆమె అరచేతులు తొడల మీద దాని వెంట పోతున్నాయి, మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. పక్కనున్న గుమాస్తా ఆ టపటప చప్పుడుకి విసుక్కుని కుర్చీ అటు జరుపుకున్నాడు.

మేనేజరు ఆ నాట్యశాలలో ఇన్నేళ్ళలో ఒక్క ప్రదర్శన కూడా చివరిదాకా చూడలేదని చెప్పుకుంటారు. కానీ కాగితం మాత్రం చివరిదాకా చదువుతాడు.

"కూర్చోమ్మా. నీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని, జవాబు కోసం ఆగకుండా, "ఆ కుర్చీ ఎందుకు వేశామో నీకు తెలుసుగా," అన్నాడు.

ఆమెకు తెలుసు. ఆ భవనంలో ఆ సంగతి తెలియని ఆడపిల్ల లేదు. నిరుటిదాకా నాలుగో నెల రాగానే డాన్సరు ఇంటికి వెళ్ళిపోవాలి. బిడ్డను కని తిరిగొచ్చేసరికి ఆ చోట్లో ఇంకొకరు ఆడుతుంటారు. ఆస్పత్రి వాళ్ళు పరిశోధన మొదలుపెట్టి, మీ డాన్సర్లు మాకు కావాలి, వాళ్ళని పని మాన్పించకండి అని రాస్తే, హాల్లో గోడ పక్కన ఒక కుర్చీ పడింది. కడుపుతో ఉన్నవాళ్ళు అందులో కూర్చుని కొత్తవాళ్ళకు నేర్పాలి. జీతం సగం. వరసలో చోటు మాత్రం వాళ్ళదే. ఇప్పటికి ముగ్గురు కూర్చున్నారు, ముగ్గురూ తిరిగొచ్చి ఆడుతున్నారు. ఒకటో నంబరు ఇప్పుడు రెండో వరసలోకి కూడా ఎక్కింది.

"కుర్చీ కూర్చోడానికి," అన్నాడు మేనేజరు. "రేపు బిడ్డకి ఏదైనా అయితే నాట్యశాల ఆడించిందంటారు. ఆ మాట మాకొద్దు."

వెనక తలుపు దగ్గర డాన్సు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆఫీసు గదిలోకొస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"కూర్చునే ఉంటోందండీ. నేను చూస్తూనే ఉన్నాగా."

"మాస్టారూ, మీ మనుషుల్ని మీరు వెనకేసుకురావడం కొత్తా? మీరు చూసింది నేను రాసుకోలేను. ఇదిగో, ఇది రాసి ఉంది." కాగితం మీద వేలితో కొట్టాడు. "శుక్రవారం దాకా చూస్తాను. లెక్క తప్పు అని ఆస్పత్రి నుంచే కాగితం తీసుకురా. తెస్తే సరే. లేకపోతే ఇంటికెళ్ళి పడుకో, నీ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకుంటాం."

*

బుధవారం మధ్యాహ్నం హాల్లో ఆమె, పిచ్చుక అని అందరూ పిలిచే పిల్ల, ఒక ఫ్యాను. మిగతావాళ్ళు టీకి వెళ్ళారు. పిచ్చుకకి ఇరవై ఏళ్ళు. నడిచేటప్పుడు కూడా గెంతుతున్నట్టే ఉంటుంది. మూడో వరసలో గడియారం చోట్లో ఇప్పుడు ఆడుతున్నది ఆ పిల్లే. తిరుగుడు అయ్యాక ఎడమ పాదం అరక్షణం ఆలస్యంగా దించుతుంది. మూడు వారాలుగా ఎంత చెప్పినా అంతే.

"మళ్ళీ ఆలస్యం. బరువంతా కుడి కాలి మీదే ఉంచేసుకుంటున్నావ్. ఎడమది పడాలంటే ముందు అటు ఒరగాలిగా?"

"ఒరిగితే పడిపోతానని భయం అక్కా."

"ఇన్నాళ్ళూ లేని భయం ఇప్పుడెందుకొచ్చింది?"

పిచ్చుక చెమట తుడుచుకుంటూ కుర్చీ పక్కన కింద కూలబడింది. తలుపు వైపు ఒకసారి చూసింది.

"మూడో నెల నిండింది."

గడియారానికి ఒక్క క్షణం సంతోషమే వేసింది. ఆ తర్వాత అన్నీ గుర్తొచ్చాయి.

"ఎవరికైనా చెప్పావా?"

"మా ఆయనకి. ఇప్పుడు నీకు. శుక్రవారం కొత్త డ్రస్సులు తొడిగి చూస్తారు, అప్పుడు మీ అత్తగారికి తెలిసిపోతుంది. కుర్చీ నాకూ ఇస్తారుగా అక్కా?"

"ఇవ్వకేం? చేతికి పట్టీ కూడా కడతారు. నువ్వు ఐదో నంబరు." తన శుక్రవారం గడువు మాట ఎత్తలేదు. "లే, కాదు, లేవకు. కూర్చునే చూడు."

రెండు అరచేతులూ తొడల మీద పెట్టింది. కుడి చెయ్యి కుడి పాదం, ఎడమ చెయ్యి ఎడమ పాదం. మణికట్టు దగ్గరి భాగం మడమ, వేళ్ళ కొసలు కాలి వేళ్ళు. అడుగు ఆనించాలంటే అరచెయ్యి మొత్తం, గెంతాలంటే రెండు చేతులూ లేవాలి. డాన్సర్లందరూ చేసేదే ఇది. కాళ్ళు అలిసినప్పుడు, బస్సులో, క్యూలో, అన్నం పెట్టేదాకా కంచం ముందు, ఎక్కడైనా చేతులతోనే పాఠం తిప్పుకుంటారు. ఆ పని చేస్తున్నామని కూడా వాళ్ళకు తెలియదు.

మూడో అంకం మొదటినుంచి తిప్పింది. తిరుగుడు దాకా వచ్చింది. "ఇదిగో ఇక్కడ, చూడు, ఎడమది..." అంటుండగా మణికట్టు మీద పట్టీ బుర్రుమని అదిరింది.

రోజుకి పదివేలు దాటినప్పుడు అది అలా అదురుతుంది. గడియారం దానివైపు చూసింది. ఆ రోజు ఆమె బస్సు దిగి నడిచింది, మెట్లెక్కింది, కూర్చుంది. అంతే. చేతులు తొడల మీద అలాగే ఉన్నాయి.

"ఏంటక్కా?"

"మాట్లాడకు."

చేతులు తొడల కింద దూర్చి, వాటి మీద కూర్చుంది. ఇరవై లెక్కపెట్టి తీసి చూసింది. అంకె కదల్లేదు. మళ్ళీ చేతులు పైన పెట్టి మూడో అంకం మొదటి భాగం తిప్పింది. చూసింది. ఆరు వందల నలభై పెరిగింది.

గట్టిగా నవ్వేసింది. కడుపు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. పిచ్చుకకి ఏమీ అర్థంకాక తనూ నవ్వింది.

"చేతులే పిల్లా! ఇన్నాళ్ళూ నా చేతులు ఆడుతున్నాయి!"

*

గురువారం పట్టీ అమ్మాయి బల్ల మీద ఫైళ్ళు పక్కకి జరిపి చోటు చేసింది. గడియారం ఎదురుగా కూర్చుని, ఏమీ చెప్పకుండా, చేతులతో ఆడి చూపించింది. ముందు అంకె, తర్వాత అంకె. మళ్ళీ ఒకసారి. ఆ అమ్మాయి ముఖంలో రంగు పోవడం చూసి, తను సంతోషంగా ఉన్నట్టు ఈ పిల్ల ఎందుకు లేదా అనుకుంది.

"ముందున్న ముగ్గురూ..." అంది పట్టీ అమ్మాయి. "వాళ్ళూ ఇలాగేనా?"

"మేమందరం ఇలాగే."

"మరి ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు కాళ్ళ గురించే అడిగారమ్మా. ఎంతసేపు నిలబడతారు, ఎంత నడుస్తారు, పాదాలు వాస్తాయా అని. చేతుల గురించి ఎవరూ అడగలేదు."

పట్టీ అమ్మాయి పెన్ను మూత పెట్టింది, తీసింది. "ఆ ముగ్గురూ ఏడో నెలదాకా రోజుకి పదివేల అడుగులు ఆడినా బిడ్డలు బాగానే పెరిగారు, అందుకే వాళ్ళనెవరూ ఆపలేదు. అదే రాశాం. రిపోర్టు సగం అయిపోయింది. వాళ్ళు ఆడనే లేదన్నమాట."

డాక్టరుకి కబురు పెట్టారు. డాక్టరు వచ్చి నిలబడే చూసింది. ఇంకోసారి చెయ్యమంది. ఇంకోసారి చూసింది. చెడ్డ మనిషి కాదు. ఎవరినో తప్పుపట్టి తప్పించుకునే రకమూ కాదు.

"తప్పు నీది కాదమ్మా," అంది. "అనవసరంగా మాటలన్నాను. రాసిస్తాను, మీ ఆఫీసులో చూపించుకో."

గడియారానికి ప్రాణం లేచొచ్చింది. ఆ లేచొచ్చిన ప్రాణంతోనే, ఇంతకుముందు అడగడానికి ధైర్యం చాలని మాట అడిగింది.

"మరి బిడ్డ ఎందుకు పెరగట్లేదండీ?"

డాక్టరు కిటికీ వైపు చూసి, మళ్ళీ ఆమె వైపు చూసింది.

"తెలీదు. ఆ అంకె ఉంది కదా అని ఇంకో కారణం వెతకలేదు."

తప్పు తనదని అనుకున్నన్నాళ్ళూ ఆ తప్పు మానెయ్యొచ్చు, మానేస్తే బిడ్డ పెరుగుతుంది. ఇప్పుడు మానెయ్యడానికి ఏమీ లేదు. గడియారం ఆ సంగతి గ్రహించింది కానీ, అప్పటికి దాన్ని పక్కన పెట్టింది. ముందు కాగితం కావాలి.

గంట తర్వాత కాగితం వచ్చింది, కింద సంతకం, ముద్ర. పట్టీ అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుని పట్టీ విప్పింది.

"ఇది ఇంక అక్కర్లేదండీ."

"రెండు వారాల్లో మళ్ళీ కొలత తీస్తామన్నారుగా?"

ఆ అమ్మాయి పట్టీని డబ్బాలో పెడుతూ, "అది కింద కౌంటరులో అడగండి," అంది. తల ఎత్తలేదు.

కింద కౌంటరులో ఆమె నంబరు కొట్టి చూశారు. పరిశోధన కింద పేరు లేదన్నారు. మామూలు వరసలో చీటీ రాయించుకోమన్నారు. ఆరు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. ఇదేదో పొరపాటు, రేపు పట్టీ అమ్మాయికి ఫోను చేసి సరిచేయించుకోవచ్చు అనుకుని, చీటీని కాగితంతో పాటు సంచీలో పెట్టుకుంది.

*

ఆ సాయంత్రం భర్త కాగితం పైకి చదివాడు. "'డాన్సర్లు కూర్చుని చేతులతో అభ్యాసం చేసే పద్ధతి వల్ల పట్టీలో నమోదైన అడుగుల సంఖ్య వాస్తవం కాదు. నాలుగో నంబరు వ్యక్తి విశ్రాంతి నియమాన్ని ఉల్లంఘించినట్టు ఆధారం లేదు.'" అక్కడ ఆగాడు. కింద ఇంకో పేరా ఉంది. దాన్ని చదవలేదు. కాగితం బల్ల మీద పెట్టి, కారని కుళాయి దగ్గరికెళ్ళి దాన్ని బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు.

"లిఫ్టుల్లో కూడా ఒక్కోసారి అలా అవుతుంది," అన్నాడు అటు తిరిగే. "తలుపులో ఏదైనా ఇరుక్కుంటే మనిషి ఉన్నట్టు చూపిస్తుంది. నేనే ఎన్నిసార్లు చూడలేదూ."

"మొన్న ఆ మాట గుర్తు రాలేదా?"

"రాలేదు."

ఆమెకు మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది. అత్తగారు క్షమించమనీ అనలేదు, పొరపాటైందనీ అనలేదు. తన కుర్చీలోని దిండు తీసి కోడలి వీపు వెనక పెట్టింది. రెండో పేరా ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు.

*

శుక్రవారం మేనేజరు చదివాడు. చివరిదాకా చదివాడు.

"చాలా మంచి మాట," అన్నాడు. "నీ తప్పేమీ లేదని స్పష్టంగా రాశారు. నాకూ మనసు కుదుటపడింది."

"అయితే నా కుర్చీ..."

"కింద చదివావా?"

కాగితం ఆమె వైపు తిప్పాడు. *డాన్సర్ల విషయంలో ఈ పరికరం పనికిరాదని తేలినందున, పరిశోధనలో డాన్సర్లకు సంబంధించిన భాగాన్ని ఇంతటితో రద్దు చేస్తున్నాం. ఇప్పటివరకూ మీరు అందించిన సహకారానికి కృతజ్ఞతలు.*

ఆమె చదివింది. అక్షరాలన్నీ తెలిసినవే. మళ్ళీ చదివింది.

"ఆ కుర్చీ పరిశోధన కోసం వేసిందమ్మా. అది లేదు కనక ఇదీ లేదు. ఒకటో తారీఖు నుంచి పాత పద్ధతే. నీ ఒక్కదానికే కాదులే, ఎవరికైనా అంతే."

"కాన్పు దాకానైనా ఉంచండి. ఆ తర్వాత తీసెయ్యండి."

"నేనేమైనా తీసేస్తున్నానా? నువ్వు తెచ్చిన కాగితమే కదా." నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు. "అసలు నువ్వీ కాగితం తేకుండా ఉండుంటే, నీ ఒక్కదాని కుర్చీయే పోయేది. నియమం తప్పినందుకు. మిగతావాళ్ళకి ఉండేది."

ఆ మాట అర్థం కావడానికి ఆమెకు కొంచెం టైము పట్టింది. బయటికొచ్చాక, గుమాస్తా పక్కనున్న అదే బల్ల మీద కూర్చుంది. ఆస్పత్రి కౌంటరులో ఇచ్చిన చీటీ సంచీలోంచి తీసి చూసింది. ఆరు వారాలు. అది పొరపాటు కాదు. కోపం రాలేదు, ఎవరి మీద రావాలో తెలిస్తే కదా. అందరూ నిజమే చెప్పారు. అందరికంటే ముందు తనే చెప్పింది.

*

దుస్తుల గదిలో ఇస్త్రీ ఆవిరి నిండి ఉంది. మూడో వరస డ్రస్సులు ఎనిమిది, దండెం మీద వేలాడుతున్నాయి. పిచ్చుక లోదుస్తులతో స్టూలు మీద నిలబడి ఉంది, అత్తగారు టేపుతో నడుము కొలుస్తోంది. ఆ నాట్యశాలలో ఎవరికి నెల తప్పిందో మొదట తెలిసేది ఆ టేపుకే. అత్తగారు ఏమీ అడగలేదు. టేపు చుట్టి మెడలో వేసుకుని, గుమ్మంలో నిలబడిన కోడలి ముఖం చూసింది.

"ఏమన్నారు?"

గడియారం చెప్పింది. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

పిచ్చుక స్టూలు దిగి, దాని మీదే కూర్చుంది. "అంటే నాకు కూడా లేదా?"

"లేదు."

"మా ఆయనకి పనిపోయి రెండు నెలలైంది అక్కా. ఇప్పుడు నేను ఇంట్లో కూర్చుంటే..." ఆగింది. కాళ్ళ వైపు చూసుకుంది. కాసేపటికి తల ఎత్తి, గడియారంతో కాదు, అత్తగారితో అంది. "పెద్దమ్మా, ఇదివరకు ఇక్కడ నడుముకి గుడ్డ కట్టేవారట కదా. గట్టిగా."

"వద్దు," అంది గడియారం.

"ఆరో నెలదాకా ఎవరికీ తెలియకుండా ఆడినవాళ్ళున్నారట."

"వద్దంటున్నానా!"

"మరేం చెయ్యమంటావు అక్కా? చెప్పు, అదే చేస్తాను."

గడియారం మూడు వారాలుగా ఆ పిల్లకి ప్రతి అడుగూ చెప్పింది. ఇప్పుడు చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఇస్త్రీ పెట్టె మీద నీటిచుక్క చుయ్యిమంది.

అత్తగారు వంగి, బీరువా అడుగు సొరుగు లాగింది. పాత లేసులు, గుండీల డబ్బాలు తప్పించి, వెనకనుంచి తెల్లగుడ్డ చుట్టలు రెండు తీసింది. నాలుగు వేళ్ళ వెడల్పు. ఉతికి, ఇస్త్రీ చేసి, అంచులు కుట్టి ఉన్నాయి.

"ఇంకా పారెయ్యలేదా అత్తయ్యా?"

"కుర్చీ వేసిన రోజున పారేద్దామనే తీశాను," అంది ఆమె. "మళ్ళీ ఎందుకో పెట్టేశాను."

పిచ్చుక లేచి నిలబడింది. అత్తగారు చుట్ట విప్పి ఒక కొసను కోడలికి అందించింది. ఒక్కరు కట్టే పని కాదది, ఒకరు పట్టుకోవాలి, ఒకరు చుట్టాలి. గడియారం ఆ కొసను చూస్తూ నిలబడింది. పట్టుకోకపోతే అత్తగారు తలుపు చిలుకుకి ముడేసి అయినా కడుతుంది. వదులైతే ఆడేటప్పుడు జారుతుంది. జారితే అందరూ చూస్తారు. పట్టుకుంది.

"ఊపిరి పీల్చి ఆపు," అంది అత్తగారు.

పిచ్చుక కళ్ళు మూసుకుంది. గుడ్డ ఒక చుట్టు తిరిగింది, రెండు, మూడు. గడియారం వేళ్ళకి ఆ పిల్ల పక్కటెముకలు తగిలాయి. "నొప్పిగా ఉందా?" అని అడిగింది. లేదని తల ఊపింది పిచ్చుక. ఆమె మీద డ్రస్సు తొడిగి హుక్కులు పెట్టారు. అద్దంలో ఏమీ తెలియలేదు. అదే కావలసింది.

పైనుంచి మాస్టారు చప్పట్లు వినిపించాయి. పిచ్చుక మెట్లెక్కి వెళ్ళిపోయింది. రికార్డు మొదలైంది. పైకప్పు దడదడలాడింది. ఎనిమిది జతల పాదాలు. అత్తగారు టేపు తీసి బల్ల మీద పెట్టి, మిగిలిన చుట్టను సొరుగులో పెట్టింది, ఈసారి వెనక కాదు, ముందే.

గడియారం స్టూలు మీద కూర్చుంది. మూడో అంకం నడుస్తోంది. ఆమె చేతులు తొడల మీద ఎప్పుడు మొదలుపెట్టాయో ఆమెకు తెలియదు. తిరుగుడు వచ్చింది. పైన ఏడు పాదాలు పడ్డాయి, అరక్షణం ఆగి ఎనిమిదోది పడింది. ఆమె ఎడమ చెయ్యి సరైన చోటే పడింది.

చెయ్యి వైపు చూసుకుంది. పట్టీ లేదు. డాక్టరు నీ తప్పు కాదంది, ముద్ర వేసి ఇచ్చింది. బిడ్డ పొద్దుటినుంచి ఒక్కసారే కదిలింది. ఆరు వారాలు.

ఆమె రెండు చేతులూ తొడల కింద దూర్చి, వాటి మీద కూర్చుంది. పైన మాస్టారు, "ఎడమది ఆలస్యం, మళ్ళీ మొదటినుంచి," అని అరిచాడు.